పిన్ని కారుకి రబ్బరు వేసిన నాలుగు రోజులు

మా పిన్నికి కోపం వస్తే మాట తగ్గుతుంది, కుట్టుమెషిన్ చప్పుడు పెరుగుతుంది. ఆ గురువారం పొద్దున్నుంచీ మెషిన్ ఆగలేదు. బాబాయి ముందుగదిలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు గానీ, అరగంటగా ఒకే పేజీ చూస్తున్నాడు.

పిన్ని ఆస్పత్రికి తెల్లకోట్లు కుట్టి ఇస్తుంది. నెలకి అరవై. ఇస్త్రీ చేసి, మా పాత కారు వెనక సీట్లో పేర్చి, తనూ బాబాయీ తీసుకెళ్తారు. పోయిన నెల దారిలో వాన పట్టుకుంది. ఎడమ వెనక డోరు పైనుంచి నీళ్లు దిగి, తుప్పు కలిసి, తొమ్మిది కోట్ల భుజాల మీద టీ ఒలికినట్టు మరకలు పడ్డాయి. పైన ప్లాస్టిక్ షీటు కప్పే ఉంచారు. నీళ్లు దాని మడతల్లో నిలిచి, పక్కనుంచి లోపలికి వెళ్లాయి. ఆస్పత్రిలో స్టోరు చూసే ఆవిడ అరవలేదట. తొమ్మిదీ పక్కన పెట్టి, ఇంకొక్కసారి మరక కనిపిస్తే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానని మెల్లగా చెప్పిందట. అరిచి ఉంటేనే బాగుండేదంటుంది పిన్ని.

మళ్లీ సోమవారం కోట్లు ఇవ్వాలి. వానాకాలం సగం కూడా కాలేదు. ఆటోలో తీసుకెళ్దామని బాబాయి అంటే, ఆటోకి ఒక డోరు కాదు, రెండు వైపులా అసలు డోర్లే ఉండవని పిన్ని గుర్తు చేసింది. ఆయన మళ్లీ పేపరు ఎత్తాడు.

లోపం డోరు చుట్టూ ఉండే రబ్బరు పట్టీలో ఉంది. బీడింగు అంటారు. డోరు వేసినప్పుడు అది నొక్కుకుని నీళ్లని బయటే ఆపాలి. మాది ఎండకి ఎండిపోయి, వంచితే బిస్కట్టులా విరుగుతోంది. మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆ కుర్రాడు నవ్వాడు. ఈ బండి రోడ్డెక్కేనాటికి తనింకా నడక నేర్చుకుంటున్నాడట. దీనికి సరిపోయే బీడింగు రావడం ఎప్పుడో మానేసింది, కొట్లో మీటర్ల లెక్కన అమ్మేది తెచ్చుకుంటే వేస్తాను, కానీ వచ్చేవారం దాకా ఖాళీ లేదన్నాడు.

"బట్టకి పట్టీ వేసేదాన్ని, డోరుకి వేసుకోలేనా?" అంది పిన్ని.

టేపుతో డోరు చుట్టూ కొలిచి, కొట్టుకెళ్లి సరిగ్గా అంతే తెచ్చింది. పాతది పీకేసే పని నాది. అడుగున గట్టిపడిన గమ్ము మొండి మచ్చలా పట్టుకుని ఉంది. కిరోసిన్ గుడ్డతో రుద్ది, తుప్పుని గరుకు కాగితంతో గీకేసరికి నా గోళ్లు పది రోజులకి సరిపడా నల్లబడ్డాయి. ఆ తర్వాత నన్ను ఒక కొస గట్టిగా పట్టుకోమని, పిన్ని కొత్త గమ్ము పూసి, కింద మధ్యలోంచి మొదలుపెట్టి కొత్త రబ్బరుని చుట్టూ తొడిగింది. చేతులు ఎంత చురుగ్గా కదిలాయో చెప్పలేను. చుట్టూ తిరిగి మొదటికొచ్చేసరికి ఒక జానెడు రబ్బరు మిగిలింది.

కొట్టువాడు పొరపాటున ఎక్కువ ఇచ్చాడని పిన్ని మురిసిపోయింది. బట్టలు కత్తిరించే పెద్ద కత్తెర తెచ్చి ఆ జానెడూ కోసేసింది. ఆ కత్తెరతో కాగితం కోశానని నాతో ఒకసారి రెండు రోజులు మాట్లాడలేదు. ఆ రోజు దానితోనే రబ్బరు కోసి, ముక్కని నాలుగు చేసి, కదలకుండా మెషిన్ కాళ్ల కింద అంటించింది.

నన్ను లోపల కూర్చోబెట్టి డోరు వేశారు. బాబాయి మూడు బకెట్లు పోశాడు. ఒక్క చుక్క రాలేదు. ఆ సాయంత్రం మెషిన్ నెమ్మదిగా నడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం ఎండలో చూస్తే, పై మూల దగ్గర రబ్బరు వంపు వదిలేసి తాడులా అడ్డంగా సాగి ఉంది. కింద అతుకు దగ్గర రెండు వేళ్లు దూరేంత సందు. పిన్ని ముందు గమ్ముని తిట్టింది, తర్వాత కొట్టువాణ్ణి, తర్వాత బాబాయిని. డోరు విసురుగా వేసి ఉంటారంది.

"నేను దాన్ని ముట్టుకోలేదు. చూడ్డానికే భయంగా ఉంది," అన్నాడు బాబాయి.

రెండోసారి ఇంకా గమ్ము పూసి, సందు మూసుకునేలా ఇంకా బలంగా లాగి, చుట్టూ గుడ్డపీలికలు కట్టి, బట్టల క్లిప్పులు పెట్టింది. కారు కట్లు కట్టించుకున్న రోగిలా రాత్రంతా వాకిట్లో నిలబడింది. శనివారం కట్లు విప్పుతుంటే రబ్బరు ఆవిడ చేతుల్లోనే జివ్వున వెనక్కి పోయింది. పిన్ని నేల మీద కూర్చుని, డోరుకి నుదురు ఆనించి, చాలాసేపు లేవలేదు. లోపల అరవై కోట్లు ఇస్త్రీ అయి ఉన్నాయి.

అప్పటికి నాకు తెలుసు. జానెడు మిగిలినప్పుడే అనుమానం వచ్చింది. టేపు చెప్పినంతే కొన్నప్పుడు ఎలా మిగులుతుంది? పిన్ని పదకొండేళ్లు బట్టల ఫ్యాక్టరీలో చేసింది. అక్కడ ఆవిడ పని ఒక్కటే, నడుం పట్టీలకి ఎలాస్టిక్ వేయడం. ఎలాస్టిక్‌ని లాగి పట్టుకుని కుట్టాలి, వదిలితే బట్ట ముడుచుకోవాలి. రోజుకి కొన్ని వందల నడుములు. ఫ్యాక్టరీ మూసేసినా చేతులకి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. సాగేదేదైనా వేళ్లకి తగిలితే లాగుతాయి. జడ రబ్బరు పెట్టినా అంతే, నా కళ్లు పైకి పోయేవి.

తెలిసీ నోరు విప్పలేదు. ఎనిమిదో తరగతిలో చదువు ఆపేసి ఈ ఇంటికొచ్చాను. నాకొచ్చిన నాలుగు ముక్కలూ ఆ చేతుల్ని చూసి నేర్చుకున్నవే. అవి తప్పు చేస్తున్నాయని వాటికే ఎలా చెప్పను?

ఆదివారం పొద్దున ఆకాశం బూడిదరంగులో ఉంది. పిన్ని మూడోసారి రబ్బరు పట్టుకుని, నన్ను కొస గట్టిగా పట్టుకోమంది. నేను వదిలేశాను.

"లాగొద్దు పిన్నీ."

"ఏంటి?"

"ఎలాస్టిక్‌ని లాగినట్టు లాగుతున్నావు. అది మళ్లీ వెనక్కి పోతోంది. కొంచెం కొంచెంగా లోపలికి తోస్తూ పెట్టాలేమో."

పిన్ని రబ్బరు వైపు చూడలేదు, తన రెండు చేతుల వైపు చూసుకుంది. తర్వాత నా వైపు.

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"గురువారం అనుమానం వచ్చింది."

"గురువారం. అప్పుడే చెప్తే నోట్లో ముత్యాలు రాలిపోయేవా?"

బాబాయి నవ్వబోయి, ఆవిడ చూపు తగలగానే దగ్గుగా మార్చుకున్నాడు.

పిన్ని లాగకుండా పెట్టాలనే చూసింది. మూర దూరం వెళ్లేసరికి చెయ్యి దానంతటదే లాగింది. పీకి మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ లాగింది. చివరికి రబ్బరు నా ఒళ్లో పడేసి, తన చెయ్యి తన మాట వినడం లేదంది. నేను బొటనవేలితో కొద్దికొద్దిగా తోసుకుంటూ వెళ్లాను. మూలల్లో కాస్త వదులుగా ఉంచాను. చుట్టూ తిరిగి వచ్చేసరికి, అనుకున్నట్టే, జానెడు తక్కువైంది. కోసేసిన జానెడు నాలుగు ముక్కలై మెషిన్ కాళ్ల కింద నలిగి ఉంది. ఆదివారం కొట్టు తెరవరు.

పిన్ని లేచి కారు చుట్టూ తిరిగింది. డ్రైవరు డోరు దగ్గర ఆగింది. ఆ ఒక్క డోరుకే రెండేళ్ల క్రితం ఏదో పాడైన బండి బీడింగు తెచ్చి వేయించారు. రబ్బరు ఇంకా మెత్తగానే ఉంది.

"అటు చూడకు," అన్నాడు బాబాయి. "నేను కూర్చునేది అక్కడ."

కత్తెర అప్పటికే ఆవిడ చేతిలో ఉంది. ఆ డోరు అడుగు భాగం నుంచి జానెడు కోసి ఇస్తే, టైరు పంక్చర్లకి వాడే సొల్యూషన్‌తో అతికాను. అతుకు నీళ్లు కారే చోట కాకుండా కిందే వచ్చింది. మధ్యాహ్నం ఎండ కాసింది. రబ్బరు పెట్టిన చోటే ఉంది. అయినా పిన్ని సాయంత్రం దాకా గంటకోసారి వెళ్లి వేలితో నొక్కి చూస్తూనే ఉంది. నాతో మాత్రం మాట్లాడలేదు.

సోమవారం బయల్దేరిన పది నిమిషాలకే వాన మొదలైంది. నేను వెనక కోట్ల పక్కన కూర్చుని, పై మూల మీంచి చూపు తిప్పలేదు. పిన్ని ముందు సీట్లోంచి ప్రతి సిగ్నల్ దగ్గరా "తడిసిందా?" అని అడిగింది. లేదన్నాను. నమ్మలేదు. చెయ్యి వెనక్కి చాపి తనే తడిమి చూసుకుంది.

స్టోరులో ఆవిడ ఒక్కో కోటునీ కిటికీ వెలుతురులోకి తిప్పి, భుజాలు చూసి, కాలరు ఎత్తి చూసింది. అరవయ్యోది కూడా మడిచి పెట్టాక తలెత్తితే, తలుపు దగ్గర బాబాయి నిలబడి ఉన్నాడు. ప్యాంటు ఒక కాలు మోకాలి దాకా తడిసి, చెప్పులోంచి నీళ్లు గచ్చు మీదికి కారుతున్నాయి.

"ఈయనకేమైంది?" అంది ఆవిడ.

"ఆయనకేం కాలేదండీ. కోట్లు చూశారుగా," అంది పిన్ని.

ఆవిడ సొరుగు లాగి, వచ్చే నెల కొలతల కాగితం బల్ల మీద పెట్టింది.

తిరిగి వస్తుంటే వాన ఇంకా పెరిగింది. బాబాయి తడికాలు ఎత్తి, పొడికాలి మీద పెట్టలేక, బ్రేకు మీద పెట్టలేక అవస్థపడ్డాడు. పిన్ని కొలతల కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచీలో దాచింది. వెనక్కి తిరక్కుండానే నాతో అంది.

"ఇంకా మూడు డోర్లున్నాయి. రబ్బరు నువ్వే పెడుదువుగాని. నేను పక్కన నిలబడి తిడతాను."