పగలు కథ చెప్పని రాజనర్సు

రాజనర్సు నోరు మూతపడడం సూరత్‌లోని పాండేసరలో ఎవరూ చూసి ఎరగరు. ఏళ్ల తరబడి మరమగ్గాల చప్పుడు మీద అరిచిన గొంతు అది. ఇంట్లో కూర్చుని ఉప్పు అడిగినా వీధి చివరికి వినిపిస్తుంది.

ఆ గొంతుతో ఆయన చెప్పేది ఒక్కటే, నిర్మల్ అవతలి గుట్టల్లో దాక్కున్న తన ఊరు ఊటపల్లి సంగతి. ఎండలు ముదిరేసరికి ఇప్పపూలు రాలి అడవంతా తీపి వాసన వేస్తుందట. వానాకాలం గుట్ట మీంచి సాలోని గుండం అనే జలపాతం దూకుతుందట. పోశమ్మ తల్లి కొస లేని చీర కావాలని అడిగితే, ఒక సాలె ఆ నీళ్ల వెనక కూర్చుని ఇప్పటికీ నేస్తూనే ఉన్నాడట. అడవిలో బారుగా నిలబడ్డ రాళ్లు ఆ సాలె పడుగు దారాలు కట్టడానికి పాతినవేనట. చెప్పిన ప్రతిసారీ ఆ కథలోకి ఒక పులో పామో వచ్చి చేరేది. భార్య నర్సవ్వదీ ఆ ఊరే కాబట్టి మూతి తిప్పుకుంటూ వినేది.

అలాంటి మనిషి, లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగి, వరుస గదుల వాళ్లంతా వినడానికి ఖాళీగా కూర్చున్నప్పుడు, పగలు కథ చెప్పనంటే చెప్పనని భీష్మించాడు.

కారణం నర్సవ్వ తమ్ముడు గణపతి. ఊళ్లో అతని భార్య సంగీతకు నెలలు నిండాయి. ఇక్కడ చూస్తే రైళ్లు లేవు. అక్కాబావలు ఎంత బతిమాలినా వినకుండా సంచి భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాడు. పగటిపూట కథ చెబితే బాటసారులు తోవ తప్పుతారని ఊటపల్లిలో పెద్దల మాట.

“దేశమంత రోడ్డు మీదున్నది. పొద్దు గూకనియ్యిండ్రి” అనేవాడు రాజనర్సు.

పక్క గదిలో ఉండే బ్రహ్మచారి అనే అతనికి ఇది పెద్ద శిక్షయిపోయింది. మిల్లులో ఫిట్టరు పని, చేతిలో పానా లేకపోతే ఏమీ తోచదు. “నీ కథకు, గణపతి కాళ్లకు ఏం సంబంధమే రాజన్నా? జర మొదలువెట్టు” అని పోరేవాడు. రాజనర్సు కదిలితే కదా.

ఒక మధ్యాహ్నం బ్రహ్మచారి ఉండబట్టలేక గోడ నీడన పిల్లల్ని పోగేసి, సాలోని గుండం కథ తానే ఎత్తుకున్నాడు. పులి వచ్చే చోటికి చీపురు పట్టుకుని నర్సవ్వ వచ్చింది. కథ అక్కడితో ఆగింది. కానీ ఆ సాయంత్రమే ఫోను మోగింది.

“బావా, తోవ తప్పిన” అన్నాడు గణపతి.

నర్సవ్వ చూసిన చూపుకు బ్రహ్మచారి గడప అవతలికి జరిగాడు.

ఉల్లిగడ్డ లారీలో సొంత రాష్ట్రం సరిహద్దు దాకా వచ్చిన గణపతి, చెక్‌పోస్టు దగ్గర ఆపేస్తారని భయపడి అడవిలోకి మళ్లాడు. చిన్నప్పుడే సూరత్ వచ్చినవాడు, ఊరికి బస్సు తోవ తప్ప వేరేది తెలియదు. ఫోనులో చార్జింగు అయిపోవచ్చింది.

“ఏం కనవడుతుందిరా?”

“బండలు. బారుగ నిలవడ్డయి.”

రాజనర్సు లేచి నిలబడ్డాడు. “గవే పడుగు రాళ్లు. వాటెంటనే నడువు.”

“గాడ పులి ఉంటదంటివి గద.”

ఇరుగుపొరుగు చెవులు రిక్కించారు. రాజనర్సు గొంతు తగ్గించబోయాడు గానీ ఆ గొంతుకు తగ్గడం రాదు.

“పులి లేదురా. నేనే వెట్టిన.”

“మరి ఏడు తలల పాము?”

“గదీ నేనే. గుండం నిజం. ఎండకాలం గద, నీళ్లుండయి, బండ తెల్లగ కనవడుతది. దాన్ని కుడిచెయ్యికి వెట్టుకొని దిగు. పోశమ్మ గద్దె వస్తది. ఆడికెళ్లి ఊరి దీపాలు కనవడతయి.”

“నేసే సాలె గూడ లేడా బావా?”

రాజనర్సు ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

“ఆయన ఉన్నడు” అన్నాడు. “భయపడకు.”

ఫోను ఆగిపోయింది. లేని పులిని ఊరి మీదికి తోలినందుకు రాజనర్సు తనను తాను తిట్టుకున్నాడు.

తెల్లారాక గణపతి ఊరి నుంచి మాట్లాడాడు. చేరాడు. ఊరివాళ్లు పొలిమేరలోనే ఆపి బడిలో ఉంచారు. సంగీత నిండు కడుపుతో కంచె అవతల నిలబడి, నడిచొచ్చినందుకు తిడుతోందట. ఆ తిట్లు ఫోనులో విని నర్సవ్వ నవ్వుతూనే ఏడ్చింది. రాజనర్సుకు ప్రాణం కుదుటపడింది.

బ్రహ్మచారి అప్పటికే చాప తెచ్చి పరిచాడు. “ఇగ చెప్పు రాజన్నా. పులి లేకున్న మంచిదే.” అందరూ దూరదూరంగా కూర్చున్నారు. రాజనర్సు చాయ్ తాగి, గొంతు సవరించుకుని, నోరు తెరిచాడు.

గోడ అవతల రోడ్డు మీద ఎవరో వెళ్తున్నారు. ముందు నెత్తిన మూటతో ఒకావిడ, వెనక బిడ్డను భుజాన ఎత్తుకున్న మనిషి. ఏ ఊరో, ఏ భాషో తెలియదు.

రాజనర్సు నోరు మూసుకున్నాడు.

“మనోడు చేరిండు” అన్నాడు. “ఆళ్లు ఇంకా చేరలే.”

బ్రహ్మచారి చాప చుట్టి, నీళ్ల సీసాలు పట్టుకుని రోడ్డు వైపు నడిచాడు.