దారి తప్పిన ఎర్రగీత

ఆ రోజుల్లో నాకు తెలివి ఎక్కువనే అపోహ ఉండేది. తెలివైనవాడు తప్పు ఒప్పుకోనక్కర్లేదన్న అపోహ అంతకంటే ఎక్కువ ఉండేది. మునిర్కాలో కిటికీ లేని గదిలో ఉంటూ నోయిడాలో ఒక చిన్న కంపెనీకి వెళ్లేవాణ్ణి. ప్రోగ్రాములు రాసుకోవడానికి ఒక ఎడిటర్ తయారుచేసేవాళ్లం. అందులో పార్సర్ అనే భాగం కోడ్ చదివి, తప్పు ఎక్కడుందో ఫైలు మొదటినుంచి లెక్కపెట్టి ఒక అంకె చెబుతుంది. అది రాసింది రాజమండ్రి అక్క (ఆఫీసులో మేమిద్దరమే తెలుగువాళ్లం; ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఆమె వండిన చేపల పులుసు సోమవారం నా డబ్బాలోకి వచ్చేది). ఆ అంకె ప్రకారం తప్పు కింద ఎర్రగీత గీసే భాగం నాది.

అక్క ఉద్యోగం ఖాయం కావలసిన వారంలోనే బాస్ మా నమూనా ఫైలు తెరిచాడు. తప్పు పన్నెండో లైనులో ఉంటే, గీత పద్నాలుగో లైనులో ఏ పాపమూ ఎరగని కామా కింద పడింది. "మేడమ్, గలతీ ఊపర్, లకీర్ నీచే! యే కైసా పార్సర్ హై?" అని, తప్పు పైనుంటే గీత కిందేమిటని, అక్క మీద అరిచాడు. అక్క నాలుగు రోజులు తన కోడంతా తిరగేసింది.

"ఏరా తమ్ముడూ, నా లెక్క బానే ఉందిరా. ఓసారి నీదీ చూసుకోకూడదూ?"

"నాదేముందక్కా, గీత గీయడమేగా!" అన్నాను, పెద్ద ఇంజినీరులా.

ఐదో రోజు ఎందుకో నా కోడ్ చూశాను. లెక్క బైట్లలో, అంటే కంప్యూటర్‌లో అక్షరం ఆక్రమించే చోటును బట్టి, ఉండాలని ఇద్దరం ముందే రాసుకున్నాం. నేను మరిచిపోయి అక్షరాల్లో లెక్కపెట్టాను. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే కాబట్టి అన్నాళ్లూ బయటపడలేదు. తెలుగులో ప్రతి గుర్తుకూ మూడేసి బైట్లు; అక్క చెప్పే అంకె అంతకంతా పెరిగి, నా గీత కిందికి జారిపోయింది. ఆ ఫైలు మొదట్లో, ఎవరికి అర్థమవుతుందిలే అని, నేనే తెలుగులో ఒక వ్యాఖ్య రాసిపెట్టాను: "ఈ బాసుకి నోరు తప్ప మరేమీ పనిచేయదు."

నిజం చెబితే నా ఉద్యోగం పోతుంది. గప్‌చుప్‌గా ఆ వాక్యం చెరిపేశాను. గీత బుద్ధిగా వచ్చి తప్పు కింద నిలబడింది. "అచ్ఛా, మేడమ్ నే ఠీక్ కర్ దియా" అన్నాడు బాస్, అక్కే బాగుచేసిందనుకుని. అన్నాడే గానీ, ఆలస్యానికి శిక్షగా ఆమె ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించాడు. నేను (సిగ్గు లేకుండా) ఆమెను ఓదార్చాను కూడా.

నిరుడు గురుగ్రామ్‌లో అక్క కూతురి పెళ్లిలో, ఇక మోయలేక, అంతా చెప్పేశాను.

"తెల్సురా. ఆ వారమే పాత ఫైలు తీసి చదివాను. నీ పేరు చెబితే ఆరోజే నిన్ను పంపించేసేవాడు. నాకు పోయింది మూడు నెలలేగా అనుకున్నాను" అంది. మళ్లీ తనే, "నువ్వే వచ్చి చెప్తావని చూశాన్రా" అంది.

"బిర్యానీ తిన్నావా?" అంటూ ఆమే నన్ను భోజనాల వైపు తోసింది.

అందుకే అందరికీ తెలిసేలా రాస్తున్నాను: తప్పు నాది, పార్సర్‌ది కాదు. తన గుట్టు ఎవరికీ తెలియదనుకుని, ఆ మూడు నెలలూ ఆమె ఎదుటే పెద్దమనిషిలా తిరిగిన ఆ కుర్రవాణ్ణి తిడదామనే ఇవాళ కూర్చున్నాను. తీరా వాడి ముఖం గుర్తొచ్చేసరికి నవ్వొచ్చేసింది.