శాంసన్ తిరిగి పెట్టని కేబుల్

మొయినాబాద్‌లో మా ఇంజనీరింగ్ కాలేజీ నెట్‌వర్క్ చూసే శాంసన్ ఉత్త పిరికివాడని అందరం ఏడిపించేవాళ్లం. సర్వర్ గదిలోకి పట్టపగలు వెళ్లినా తలుపు మూయడు. ఎదురుగా లైబ్రరీలో కూర్చునే నేనూ నవ్వినవాణ్ణే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ గదిలో రెండు రౌటర్లు. మొదటిది కాలేజీ మొత్తాన్ని బయటికి కలుపుతుంది. అది ఆగిపోతే రెండోది వెంటనే దాని పని అందుకోవాలి. ఆ జంటను అమర్చిన ప్రేమ్‌చంద్ శాంసన్‌కు గురువు. నెలకో శనివారం మొదటిదాన్ని కావాలని ఆపి, రెండోది లేస్తుందో లేదో చూసి రిజిస్టరులో రాసేవాడు. మూడేళ్ల కిందట చేవెళ్ల దారిలో లారీ గుద్ది పోయాడు. తర్వాత ప్రతి నెలా శాంసనే రాశాడు: ‘పరీక్షించాను, బాగుంది.’

అన్నీ అబద్ధాలే. మొదటిదాని మీద చెయ్యి వేస్తే చాలు, వెనక నుంచి ప్రేమ్‌చంద్ గొంతు వినిపించేదట: “రెండోది లేసిందారా?”

పోయిన నెల ఒక కంపెనీ ఉద్యోగ పరీక్ష పెట్టింది. ల్యాబులో ప్రేమ్‌చంద్ కూతురు కృపాజ్యోతి కూడా రాస్తోంది. నడిమధ్యలో మొదటి రౌటరు చచ్చింది. పావుగంటలో నెట్ రాకపోతే పరీక్ష రద్దు.

నేనూ శాంసన్ వెంట ఆ గదిలోకి పరిగెత్తాను. రెండోది లేచింది. కంప్యూటర్లన్నీ దాన్ని అందుకుంటున్నాయి, దాన్ని దాటి మాత్రం ఏదీ పోవడం లేదు. శాంసన్ సెట్టింగులు రెండుసార్లు చూశాడు, తప్పు లేదు. పది నిమిషాలు పోయాయి. చివరికి రౌటరు వెనక్కి చెయ్యి పెట్టి, అలాగే ఉండిపోయాడు. ఒక కేబుల్ ఊడి వేలాడుతోంది. దాని చీటీ మీద ప్రేమ్‌చంద్ చేతిరాత: ‘రెండోది - బయటికి.’

“పెట్టవయ్యా!” అని అరిచాను. గుచ్చాడు. ల్యాబులోంచి పిల్లల సంతోషపు కేక వినపడింది.

పరీక్ష ముగించి జ్యోతి థాంక్స్ చెప్పడానికి వచ్చింది. శాంసన్ ఆమె ముఖం చూడలేక నేల చూస్తూ చెప్పాడు.

“ఆ ఆఖరి శనివారం ప్రేమ్‌చంద్ అన్న నన్ను ఒక్కణ్ణే చెయ్యమని ఇంటికి బయలెల్లిండు. మొదటిది ఆపి, కంగారుల నాకు తెల్వకుండనే రెండోదాని కేబుల్ పీకిన. నెట్ మొత్తం పోయింది. భయమై ఫోన్ చేసిన. ‘రెండోది లేసిందారా? ఆగు, నేనొస్తున్న’ అని బండి తిప్పిండు. జర సేపటికే లారీ గుద్దిందని ఫోనొచ్చింది. మొదటిది ఆన్ చేసి ఉరికిన. ఈ కేబుల్ గట్లనే ఉండిపోయింది, బిడ్డా. మీ బాపును నేనే పిలిచిన.”

జ్యోతి ఆ చీటీని వేలితో తడిమింది.

“మాకెరికే, కాకా. బాపు ఫోన్ల ఆఖరి కాల్ నీదే ఉన్నది గద. నువ్వొచ్చి చెప్తవని అమ్మ మూడేండ్లసంది ఎదురుచూస్తున్నది.”