టైరు మూతలు తీసి చేసిన పూజ

ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాస్తున్నాను. జ్వరం వస్తే జ్వరం గురించి, ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదని రాశాను. ఖాళీగా ఉన్న పేజీ ఒక్కటే. అది మా మేనకోడలు లలిత పెళ్లిరోజు. ఆ రోజు నేను చేసిన ఘనకార్యం చదివాక, నా దగ్గర పద్ధతి నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే ఆ పద్ధతంతా నాకు తిరిగిచ్చేస్తారు.

పెళ్లి సామర్లకోటలో. నేను రాజమండ్రిలో. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకెళ్లాల్సిన మేనమామను నేనే. ఆ బుట్ట తెచ్చే బాధ్యత కూడా నాదే. మా చెల్లెలు పద్మ కారు పంపిస్తే, మా ఆవిడను అందులో ముందు పంపేసి, నేను మాత్రం బండి మీదే వస్తానన్నాను. రిటైరైన సంబరంలో కొన్న పెద్ద మోటార్‌సైకిల్ అది. స్కూటరు మీద జీవితమంతా వెళ్లదీసినవాడికి అలాంటి బండి చేతికొస్తే, కోతికి కిరీటం పెట్టినట్టే ఉంటుంది.

వెనక కూర్చోవడానికి మా బావమరిది సత్తిబాబును పిలిచాను. అతను వచ్చేసరికి నేను బండికి పూజ చేస్తున్నాను.

"బావగారూ, ముహూర్తం పన్నెండింటికండి. బండికి అష్టోత్తరం కూడా చేస్తారేంటి?"

"దేనికైనా ఒక పద్ధతుంటుందయ్యా."

హ్యాండిల్‌కు, అద్దాలకు, ట్యాంకుకు బొట్లు పెట్టాను. టైర్ల దగ్గరికి వచ్చేసరికి, గాలి కొట్టే వాల్వుల మీద నల్లటి మూతలు కనిపించాయి. టోపీ పెట్టుకుని దేవుడి ముందు నిలబడతామా? రెండూ విప్పి, వాల్వుల మొహాన తడి పసుపు శుభ్రంగా అద్దాను. మూతలు పోకుండా నా కండువా కొసన గట్టిగా ముడివేశాను. ఒక వస్తువును అంత భద్రంగా దాచాక, ఇక దాని గురించి ఆలోచించాల్సిన పనేముంది? నేనూ ఆలోచించలేదు.

పూజ అయ్యేసరికి ఆలస్యమైంది. సత్తిబాబు వెదురు బుట్టను నెత్తిన బోర్లించుకుని వెనక కూర్చున్నాడు. రాజానగరం దాటి సామర్లకోట రోడ్డెక్కాక, స్పీడు ముల్లును వంద దాటించాను.

"బావగారూ, బుట్ట నన్ను పైకి లాగేస్తోందండి."

"గట్టిగా పట్టుకో."

"నేను బుట్టను పట్టుకున్నానండి. నన్నెవరు పట్టుకుంటారు?"

ఇంతలో బండి వెనకభాగం తాగినవాడి నడకలా ఊగింది. దిగి చూస్తే వెనక టైరు నేలకు అంటుకుపోయింది. తోసుకుంటూ పంక్చర్ల కొట్టుకు చేరాం. అతను గాలి కొట్టి, టైరంతా నీళ్లు చల్లి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు.

"పంక్చరేం లేదండి. గాలి ఎటు పోయిందో నాకూ తెలీదు" అన్నాడు.

నాకు తెలిసిపోయింది. "సత్తిబాబూ, నువ్వు పొద్దున్నే ఏం తిన్నావు?"

"పెసరట్టు ఉప్మా అండి."

"అదీ సంగతి."

మళ్లీ బయల్దేరాం. పోయిన సమయాన్ని పూడ్చాలని ముల్లును ఇంకా పైకి తీసుకెళ్లాను. కాసేపటికి టైరు మళ్లీ చదును. ఈసారి తప్పు పెసరట్టు నుంచి బుట్టకు మార్చాను. బుట్టకు గాలి తగిలి, ఆ ఒత్తిడి టైరు మీద పడుతోందని సత్తిబాబుకు పుల్లతో నేల మీద బొమ్మ గీసి వివరించాను. వివరిస్తూ కండువాతో చెమట తుడుచుకుంటే, కొసన ముడి నుదుటికి గట్టిగా తగిలింది. దాన్ని పక్కకు తోసి మళ్లీ తుడుచుకున్నాను.

పద్మ ఫోన్ చేసింది. "అన్నయ్యా, ఎక్కడున్నావు? గౌరీపూజ అయిపోయింది. నువ్వు రాకపోతే బుట్ట నేను పడతానని మా మరిది పంచె ఎగ్గడుతున్నాడు."

"మేనమామ బతికుండగానే?"

"బతికున్నవాడివి తొందరగా రా మరి."

అప్పుడే సిమెంటు బస్తాల ట్రాలీ ఆటో ఒకటి సామర్లకోట వైపు వెళ్తూ కనిపించింది. ఆపి బతిమాలాను. బండిని దగ్గర్లోని హోటల్ ముందు వదిలేశాం. సత్తిబాబు డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. వెనక బస్తాల మీద కూర్చుంటే నా పట్టుపంచె పని అయిపోతుంది. అందుకని బుట్టను బస్తాల మీద పెట్టించి, బుట్టలో కూర్చున్నాను.

కల్యాణ మండపం గేటు దగ్గర మేళంవాళ్లు బుట్ట కోసమే కాచుకుని ఉన్నారు. ఆటో తిరిగింది, బుట్ట కనిపించింది, సన్నాయి అందుకుంది. ఆడవాళ్లు అక్షింతలు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. బుట్టలోంచి నెరిసిన మీసం పైకి లేచింది.

మా చెల్లెలి మరిది ఎగ్గట్టిన పంచె దించుకుంటూ, "పెళ్లికూతురు కాస్త ముదురేనండి" అన్నాడు.

నేనేమీ విననట్టు దిగి, సిమెంటు దులిపి, లలితను బుట్టలో కూర్చోబెట్టి తీసుకెళ్లాను. మండపంలో దించడానికి వంగినప్పుడు ఆ పిల్ల నెమ్మదిగా, "మావయ్యా, మీ కండువాలో ఏంటి, రాయి కట్టారా? తలకు తగులుతోంది" అంది.

ముడి విప్పాను. పసుపు పూసుకున్న నల్లటి మూతలు రెండు ఆమె ఒళ్లో పడ్డాయి.

అడ్డుతెర అంచు పక్కకు జరిగింది. పెళ్లికొడుకు తొంగిచూశాడు. మోటార్ బళ్ల కంపెనీలో ఇంజనీరు అతను.

"ఇవి టైరు వాల్వు మూతలు కదండి?"

"అవును బాబూ. వేగంగా వెళ్తే గాలి పోతోంది. ఆగి చూస్తే ఎక్కడా బుడగ లేదు."

"పోతుందండి. చక్రం జోరుగా తిరిగితే వాల్వులోని పిన్ను టైరు లోపలికి జరిగి దారి ఇస్తుంది. ఆగితే స్ప్రింగు మళ్లీ మూసేస్తుంది. పసుపు ఇరుక్కుంటే ఇంకా చెడ్డది. అంత వేగంలో గాలిని ఆపేది మూతలో ఉన్న రబ్బరేనండి. అవి ఎందుకు తీశారు?"

పంతులుగారు కూడా మంత్రం ఆపి నా వైపు చూశారు.

"దేవుడి ముందు మర్యాదగా ఉంటుందని" అన్నాను.

సత్తిబాబు గొంతు సవరించుకున్నాడు. "పంతులుగారూ, నా పెసరట్టు నిర్దోషి అని కూడా ఒక మాట చదివేయండి."

ఆ రోజు అగ్నిసాక్షిగా రెండు ప్రమాణాలు జరిగాయి. ఒకటి లలితది. రెండోది నాది: నా బండి ఇకమీదట ఏ దేవుడికైనా టోపీ పెట్టుకునే దణ్ణం పెడుతుంది.