కొసరుగా అడిగిన సీసా

వికారాబాద్‌లో మాది కిరాణా కుటుంబం. కావలసిన వస్తువును చూడనట్టే బేరమాడటం అంగట్లోనే అబ్బింది. తాండూరులో కందిపప్పు కొంటుంటే, నేను చాచీ అని పిలిచే దుకాణదారు వెనక అరలో దుబాయి కూల్‌డ్రింక్ సీసా కనిపించింది. మన దగ్గర క్రికెటర్ల బొమ్మలతో అమ్మే పానీయమే, దీనికి మాత్రం అరబ్బీ అక్షరాలు, ఫుట్‌బాల్ కప్పు అచ్చేసిన కాగితం చుట్టి ఉంది. నేను సేకరించిన సీసాల్లో అలాంటిది లేదు.

“గా ఖాళీ సీసా కొసరుగ ఇయ్యరాదు చాచీ, నూనె పోసుకుంట,” అన్నాను ఆవులిస్తూ.

“గంతేనా బేటా!” అంటూ సీసాను లోపలికి తీసుకెళ్లింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తిరిగొచ్చేసరికి సీసా తళతళలాడుతోంది. “నూనెకంటివి గదా, కాగితమంత గీకి కడిగిన.”

నా ముఖం చూసి ఏమైందని అడిగింది. చెప్పాను.

“కాగితమే కావాలని ముందే అనొద్దా, పిచ్చోడా!” అని పడీపడీ నవ్వి, జాలిపడి పప్పులో ఇంకో గుప్పెడు వేసింది. వద్దనలేదు.