కొండవీడు కింద నారింజ రంగు పక్షులు

మొన్న ఆదివారం నుంచి నేను బైనాక్యులర్స్ జోలికి పోలేదు. ఎందుకంటారా, వినండి. విని మీరూ నవ్వుకోండి, నరసరావుపేటలో సగం మంది ఆల్రెడీ నవ్వేశారు.

ఆమధ్య కొండవీడు ఘాట్ రోడ్డులో ఆగి కిందికి చూస్తుంటే, గడ్డి బీళ్ల మీద పక్షులు గుంపుగా తిరుగుతున్నాయి. అచ్చమైన నారింజ రంగు! చానా దూరం, ఫోన్లో ఫొటో తీస్తే చుక్కల్లా పడ్డాయి. ఎగిరే తీరు పావురాల్లాగే ఉందని ఓ పక్క అనిపిస్తూనే ఉంది. కానీ పావురం ఆ రంగులో ఎందుకుంటుంది? సైన్స్ టీచర్ని కదా, లాజిక్ అడ్డమొచ్చింది.

ఇంటికొచ్చి మా ఆయనకి చూపించా. పురుగుమందుల కొట్టు ఆయనది, ఆ చుట్టుపక్కల రైతులంతా తెలుసు. ఫొటో పెద్దది చేసి చూసి, "బాగున్నాయే, మీ బర్డ్ గ్రూపులో పెట్టు" అన్నాడు. నా పక్షుల పిచ్చి గురించి ఆయన నోట మంచిమాట రావడం అదే మొదలు. మురిసిపోయా.

పెట్టగానే గ్రూపు పెద్ద, గుంటూరు మేడం, ఫోన్ చేసింది. "ఆదివారం అందరం వస్తాం. ఈసారి బర్డ్ వాక్ నువ్వే లీడ్ చెయ్యి సుజాతా." ఇంట్లో గానీ స్కూల్లో గానీ నన్ను ముందు నడవమన్నవాళ్లు లేరు. ఇవి హిమాలయాలు దాటొచ్చిన వలస పక్షులేనని తేల్చేసుకుని, కూర్చుని చదివా, అద్దం ముందు ప్రాక్టీస్ చేశా. మా ఆయన మంచం మీంచి విని, "ఆ హిమాలయాల ముక్క ఇంకొంచెం గట్టిగా చెప్పు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే అందర్నీ ఆ బీడు దగ్గరికే తీసుకెళ్లా. పక్షులొచ్చాయి. రెండు దగ్గర్లో కరెంటు తీగ మీద వాలాయి. నేను వలసల మీద లెక్చర్ దంచుతున్నా. మేడం టెలిస్కోప్‌లోంచి తలెత్తకుండానే, "కాళ్లకి రబ్బరు రింగులున్నాయి సుజాతా" అంది.

అంతలో ఒకాయన రేకుల షెడ్డు ఎక్కి ఈల వేశాడు. నా వలస పక్షులన్నీ బుద్ధిగా వెళ్లి ఆయన చుట్టూ వాలాయి.

దగ్గరికి వెళ్లి అడిగితే, "పందెం పావురాలు చెల్లెమ్మా. పైకి పోయినాక మనయ్యేవో తెలియాలిగా, అందుకే రంగేస్తాం" అన్నాడు. నన్ను ఎగాదిగా చూసి, "నిన్ను కొట్లో చూశా గదా. ఏంది, మీ ఆయన చెప్పలా? ఈ రంగు డబ్బా తెచ్చిచ్చింది ఆయనే. కొన్నిటికి తనే కూర్చుని పూశాడు."

మేడం టెలిస్కోప్ సర్దేసింది. "ఎండెక్కుతోంది, వెళ్దామా" అంది. నాలుగు తిట్టినా బాగుండేది.

అక్కణ్ణించే మా ఆయనకి ఫోన్ చేశా. అవతల కొట్లో జనం నవ్వులు. "తెలుసులేవే. నువ్వు చానా సంబరంగా ఉంటివి, చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నా" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. దాంతోపాటు ఏడుపూ వచ్చింది. సాయంత్రానికి గ్రూపులో మెసేజ్, వచ్చే వాక్ ఇంకొకరు లీడ్ చేస్తారని.

అయినా తప్పు నాదేలెండి. పదహారేళ్లుగా ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మనిషి ఏ రకమో పోల్చుకోలేనిదాన్ని, ఆకాశంలో పక్షిని చూసి పేరు చెప్పేస్తానని నలుగుర్ని వెంటేసుకుని బయల్దేరా.