పొట్టి తెర, పొడుగు పరిచయం

శ్రీరంగప్పకు ఉన్నది ఒకటే జబ్బు, పరిచయాల జబ్బు. ఒకరికొకరు తెలియని ఇద్దరు తన ఎదుట నిలబడితే ఆయనకు ఊపిరాడదు. తెలిసిన ఇద్దరు నిలబడినా అంతే. వీళ్ళను వాళ్ళకూ వాళ్ళను వీళ్ళకూ చెప్పి ముగించేదాకా చేతిలో టీ చల్లారవలసిందే.

ఒకసారి ఉరవకొండ నుంచి విడపనకల్లు పోయే బస్సులో ఆయన పక్కన చోటు దొరికింది నాకు. టికెట్లు కొట్టుకుంటూ వచ్చిన కండక్టరును చెయ్యి పట్టి ఆపి, బస్సులో ఉన్న జనానికంతా పరిచయం చేశాడు. ఆ కండక్టరు రోజూ తిరిగేది ఆ బస్సులోనే. ఆ జనం రోజూ ఎక్కేదీ దాన్నే. అయినా మేము దిగే వేళకు కండక్టరు అత్తగారిది రాయదుర్గమనీ, ఆమెకు మోకాళ్ళ నొప్పులనీ అందరికీ తెలిసిపోయింది. వెనక సీటులోంచి ఎవరో ఆమెకు పసరు వైద్యం కూడా చెప్పారు.

వాళ్ళ బంధువుల ఇంట్లో పెళ్ళయితే ఇంకో వింత. పెళ్ళికూతురు సువర్ణ. పెళ్ళికొడుకు ఆ పిల్లకు సొంత మేనమామ. తలంబ్రాలు అయ్యాక శ్రీరంగప్ప పీటల దగ్గరికి పోయి, "సువర్ణా, ఈయప్ప మీ అమ్మకు తమ్ముడు. నీకు తెలిసినోడే. అయినా చెప్తాండా" అని మొదలుపెట్టాడు.

"తెలుసు తాతా. నన్ను సైకిలు మీద బడికి తీసకపోతాండింది ఈ మామే" అంది పిల్ల.

"సైకిలు సంగతి నాకు తెలీదే" అని, ఆ సైకిలు ఏమయిందో కనుక్కునేదాకా ఆయన పీటల దగ్గరి నుంచి కదలలేదు. పురోహితుడు కూడా మంత్రం ఆపి విన్నాడు.

ఆయనది ఉరవకొండలో మైకుసెట్టు అంగడి. పెళ్ళికి, చావుకు, ఓట్లకు, జాతరకు మైకు ఆయనదే. అందువల్ల మావారు కేశవ ఎండాకాలం నాటక మండలి పెట్టినప్పుడు, మైకుతో పాటు శ్రీరంగప్ప కూడా వచ్చాడు. ఒకటి వదిలి ఒకటి తీసుకునే వీలు లేదు.

కేశవ కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాడు. శెనక్కాయ ఇంటికి చేరినాక, మళ్ళీ వాన పడి మడక కట్టేదాకా మా వైపు చేన్లలో పని ఉండదు. ఆ ఖాళీలో, వందల ఏళ్ళ నాటి ఇంగ్లీషు దేశపు నాటకాలను మా మాటల్లోకి దించి మా ఊరివాళ్ళతోనే ఆడించాలని ఆయన కోరిక. రాయడం నా పని. రాజు వేషం ఆయనది. రాణి, ఉగ్గాణి హోటలు నడిపే చెన్నమ్మ. మంత్రి, గొర్రెలు కాసే తిప్పేస్వామి. సేనాపతి, ఆటో తోలే ఓబిలేష్. శ్రీరంగప్పకు భటుడి వేషం ఇచ్చి ఒక్కటే మాట నేర్పాము: "ప్రభూ, సేనాపతి వచ్చినాడు." రిహార్సలులో ఆయన ఆ మాట చెప్పి ఊరుకోలేదు. సేనాపతి ఎవరి కొడుకో, ఆటో ఎవరి దగ్గర కొన్నాడో, దానికి హారను ఎందుకు మోగదో రాజుకు విన్నవించాడు.

వేషం పీకేసి, నటులను పరిచయం చేసే పని అప్పగించాడు కేశవ. దొంగను తీసుకుపోయి కాపలా పెట్టినట్టయింది.

మా మండలి పద్ధతి ఒకటుంది. నటులు ఒక్కొక్కరే వచ్చి తెర వెనక నిలబడతారు. శ్రీరంగప్ప తెర ముందు, ఒక పక్కగా మైకు పట్టుకుని పరిచయం చేస్తాడు. అది ముగించి ఆయన తెర లాగితే, నటుడు ముందుకు వచ్చి తన మొదటి మాట చెప్పాలి. పొద్దు గూకగానే మొదలుకావలసిన నాటకం పొద్దు గూకగానే మొదలయ్యేది కూడా. కానీ కథ మాత్రం జనం ఇంటికి పోయి అన్నాలు తిని వచ్చాక మొదలయ్యేది.

"ఈయప్ప తిప్పేస్వామి. మీకు తెలిసినోడే. అయినా చెప్తాండా. చేన్లో బోరు ఏపిచ్చినాడు, నీళ్ళు పడలే. ఇంగోటి ఏపిచ్చినాడు, అదీ పడలే. ఇంగ మూడోది..."

"పడినాయా?" అని జనంలోంచి ఆశగా ఒక గొంతు.

"యాడప్పా. దుడ్లు లేక ఇంగా ఏపియ్యలే."

ముందు వరసలో ఎప్పుడూ బయమ్మ అనే ముసలావిడ కూర్చునేది. పరిచయాలకని ప్రత్యేకంగా బొరుగుల పొట్లం తెచ్చుకునేది. నాటకం ఎట్లా ఉందని అడిగితే, "పొట్లం ఖాళీ అయినాక బాగుండాది" అనేది. ఒక ఏడు మైకు శబ్దం తగ్గించమని చెప్పడానికి కొత్తగా వచ్చిన కానిస్టేబులు స్టేజీ ఎక్కాడు. శ్రీరంగప్ప ఆయన్ను కూడా పరిచయం చేసేశాడు. అంత మంది చప్పట్లు కొట్టేసరికి ఆ కుర్రాయన వచ్చిన పని మరచిపోయి, బయమ్మ పక్కన కూర్చుని బొరుగులు తిన్నాడు.

పరిచయానికి ఒక కొలత కూడా ఉండేది కాదు. తిప్పేస్వామికి పొట్లంలో సగం ఖర్చయ్యేది. చెన్నమ్మకు గుప్పెడు. ఓబిలేష్‌ను మాత్రం పేరు చెప్పి వదిలేసేవాడు.

"నేనేం పాపం చేసినానన్నా? నాకు రెండు మాటలేనా?" అని ఓబిలేష్ అలిగాడు.

"నీ గురించి చెప్పేకి ఏముండాదప్పా, పో" అన్నాడు శ్రీరంగప్ప.

ఇంకో విచిత్రం. అంత మాటకారి, మైకు ముందు జనం మొహం చూసేవాడు కాదు. తల కొంచెం పక్కకు వంచి, నేల చూపులు చూస్తూ మాట్లాడేవాడు. అది సభామర్యాద అని కేశవ, సిగ్గు అని నేను వాదించుకునేవాళ్ళం.

ఇక తెర సంగతి. చెన్నమ్మ పుట్టిల్లు ధర్మవరం. అక్కడినుంచి మంచి ఎర్రగుడ్డ తెచ్చి కుట్టించాము. కొత్త గుడ్డను నానబెట్టి కుట్టించాలని ఎవరికి తెలియదు? కానీ అది ట్యాంకరు నీళ్ళు తాగే కాలం. తెరకు నీళ్ళెక్కడివి, వాన వస్తేగదా తడిసేది అని అట్లాగే కుట్టించేశాము. మొదటి నాటకం నాడే వాన వచ్చింది. ఎవరూ ఇళ్ళకు పోలేదు. నాటకం ఆపి, నటులూ జనమూ కలిసి మొహాలు పైకెత్తి నిలబడ్డారు. మరునాడు ఆరిన తెర స్టేజీకి జానెడు పైన నిలిచింది. ఆనాటి నుంచి మా నాటకాల్లో రాజు కంటే ముందు రాజు కాళ్ళు కనబడతాయి.

ఆ జానెడు అతికించాలని కేశవ ప్రతి ఏడూ అనుకునేవాడు. శ్రీరంగప్ప ప్రతి ఏడూ అడ్డం పడేవాడు. "వాన గుర్తు సారూ అది. అతికిస్తే వానకు కోపం వస్తాది" అనేవాడు. ఒక ఏడు కేశవ పట్టుబట్టి ధర్మవరం నుంచి అదే రంగు గుడ్డ కొనుక్కొచ్చాడు. శ్రీరంగప్ప నాటకం అయ్యేదాకా దాని మీదే కూర్చున్నాడు. "పాముకు పుట్ట మాదిరి దొరికింది ఈయనకు" అని కేశవ నవ్వి, ఆ గుడ్డను తెచ్చి మా ఇంట్లో పెట్టెలో వేశాడు.

నిరుడు మాఘంలో కేశవ పోయాడు. దాన్ని గురించి ఇంతకంటే రాయలేను. ఆ రోజు మా వాకిలి నిండా జనం. సగం మందికి సగం మంది తెలియదు. శ్రీరంగప్ప ఒక మూల అరుగు మీద కూర్చుని, ఎవరినీ ఎవరికీ పరిచయం చేయలేదు. ఆయన నోరు మూసుకుని ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి.

ఎండాకాలం వచ్చింది. చెన్నమ్మ మా ఇంటికొచ్చి, అడగకుండానే పొయ్యి మీద టీ పెట్టింది.

"రాజు మాటలు ఇంగ ఎవురికొస్తాయక్కా, నీకు తప్ప?" అంది.

నిజమే. అవి నేను రాసిన మాటలు, కేశవ మా నడవలో తిరుగుతూ వల్లించిన మాటలు. నిద్రలో లేపి అడిగినా వస్తాయి. కానీ కేశవ పోయినప్పటినుంచి నేను నలుగురిలో గొంతెత్తి మాట్లాడలేదు. నా వల్ల కాదన్నాను.

"రాజు లేడని నాటకం ఆపేస్తే సారు రెండుసార్లు పోయినట్ల" అంది చెన్నమ్మ, గ్లాసు నా చేతిలో పెట్టి.

ఒప్పుకున్నాను. ఆ నాటకంలో రాజు చాలా కాలం తరువాత తన ఊరికి తిరిగి వస్తాడు. సొంత కోటలో ఎవరూ గుర్తుపట్టరు. "ఈ వాకిలి నాదే. తలుపు తీయండి." ఇదీ ఆయన మొదటి మాట.

నాటకం రోజు సాయంత్రం కేశవ అంగీ, కేశవ కిరీటం, కేశవ చెప్పులు వేసుకుని తెర వెనక నిలబడ్డాను. చెప్పులు నా కాళ్ళకు పెద్దవి. స్టేజీ చెక్కల మీద అవి టకటక కొట్టుకుంటున్నాయి. ఎందుకు కొట్టుకుంటున్నాయో మొదట నాకు అర్థం కాలేదు. మొదటి మాట తలచుకున్నాను, రాలేదు. మా నడవ గుర్తొచ్చింది, అందులో తిరిగే మనిషి గుర్తొచ్చాడు, మాట మాత్రం రాలేదు. ఈ అడుగు వేయలేకపోతే ఈ ఏడుతో మండలి మూతపడుతుంది. కేశవ రాజు ఇక్కడే ఆగిపోతాడు. వెనక్కు తిరిగి పోదామనుకున్నాను.

"రాజు వేషం సరళమ్మ" అన్నాడు శ్రీరంగప్ప మైకులో. "మీకు తెలిసినామే. అయినా చెప్తాండా."

ఇప్పుడు కేశవ పేరెత్తుతాడు, అందరూ అయ్యో అంటారు, నేను ఇక్కడే కూలబడతాను అనుకున్నాను.

"ఈ రాజు మాటలు ఈయమ్మ ఇంట్లోనే పుట్టినాయి. వాటిని ఇన్నేండ్లు చెప్పిన సారు మీకు తెలిసినోడే" అని ఆగాడు. "ఆయన్ని గురించి నేను చెప్పను. తెలిసినోళ్ళ గురించి మల్లా చెప్పే అలవాటు నాకు లేదు."

ఒక్కరూ నవ్వలేదు. అంత పెద్ద అబద్ధానికి ఒక్కరూ కాదనలేదు కూడా.

ఆ వెంటనే ఆయన నా ఉగ్గాణి మీద పడ్డాడు. అందులో ఉప్పు తక్కువని, చెన్నమ్మ దగ్గర నేర్చుకోవచ్చుగదా అని అన్నాడు. మా నాయన తనకల్లు నుంచి నన్ను ఈ ఊరికి కాపురానికి తీసుకొచ్చిన రోజు లారీ ఎక్కడ పంక్చరయిందో చెప్పాడు. నా కోళ్ళ దగ్గరికి వచ్చాడు. ఈలలు మొదలయ్యాయి.

"రంగప్పా, బొరుగులు అయిపోయినాయి, ఇంగ చాలు" అని బయమ్మ అరిచింది.

"ఇంగో పొట్లం తెచ్చుకోవ్వా. ఆ కోళ్ళల్లో ఒక నల్లది ఉండాది..."

విసుగొచ్చి తెర సందులోంచి ఆయన వైపు చూశాను. తల వంచుకునే ఉన్నాడు, ఎప్పటిలాగే. కానీ ఆ చూపు ఊరికే నేల మీద లేదు. తెర కింద జానెడు సందులో, కొట్టుకుంటున్న నా చెప్పుల మీద ఉంది.

నేను కూడా నా కాళ్ళ వైపు చూశాను. అప్పుడు అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తుకొచ్చాయి. స్టేజీ అంటే చెమటలు పట్టే తిప్పేస్వామికి అర పొట్లం. కాస్త బెదిరే చెన్నమ్మకు గుప్పెడు. దేనికీ జంకని ఓబిలేష్‌కు రెండు మాటలు. గుడ్డ మీద ఎక్కి కూర్చున్న మనిషి. వాన కోపం.

నవ్వొచ్చింది. కేశవ పోయాక నాకు వచ్చిన మొదటి నవ్వు అదే అనుకుంటాను. అది ఆగేసరికి చెప్పుల చప్పుడు కూడా ఆగింది.

"...ఆ నల్లకోడి ఒగనాడు పొద్దున్నే గోడ దూకి..." అంటున్నవాడు అంటున్నట్టే ఆపి, శ్రీరంగప్ప తెర లాగేశాడు.

"ఈ వాకిలి నాదే" అన్నాను. "తలుపు తీయండి."

మరునాడు సంతలో బయమ్మ నన్ను ఆపింది. నాటకం గురించి ఒక్క మాట అడగలేదు. "ఆ నల్లకోడి ఏమయిందమ్మా?" అంది.

ఈ ఏడు ఎండాకాలం పెట్టె తీసి, కేశవ కొన్న ఎర్రగుడ్డ పట్టుకుని మైకుసెట్టు అంగడికి పోయాను. దాన్ని చూడగానే శ్రీరంగప్ప లేచి నిలబడ్డాడు.

"అతికించేకా?"

"కాదన్నా. అంచు కుట్టించినా. నీకు తువ్వాలు."

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి భుజాన వేసుకున్నాడు.

"తెర అట్లే ఉండనీలే. వానకు కోపమొస్తాది గదా" అన్నాను.

నా మొహంలోకి అనుమానంగా చూశాడు. నేను పైకి, మూలనున్న మైకు గొట్టాల వైపు చూశాను.

ఆ సాయంత్రం పొద్దు గూకగానే శ్రీరంగప్ప మైకు ముందుకు వచ్చాడు. తెర వెనక నేనూ, తిప్పేస్వామీ, అందరమూ సిద్ధంగా ఉన్నాము. ఆయన గొంతు సవరించుకుని, భుజం మీది ఎర్రగుడ్డను తీసి జనానికి ఎత్తి చూపించాడు.

"ఇది తువ్వాలు. మీకు తెలిసిందే. అయినా చెప్తాండా."

ముందు వరసలో బయమ్మ బొరుగుల పొట్లం విప్పింది.